ఇంట్లో ఉంటే ఖాళీయేనా?

మా అమ్మాయిలిద్దరూ బడికి వెళ్ళరు, ఇంట్లోనే చదువుకుంటారు. ఈ సంగతి తెలిసిందో లేదో మా ఆడపడుచు పెద్దదానికి సంబంధం చూసేసింది. దానికింకా 15 ఏళ్ళండీ! పక్కింటి పిన్నిగారైతే అప్పడాలు వత్తడానికి పంపమని పొద్దున్నే కబురు. బడికెళ్ళే పిల్లనైతే పదింటికి ఇలా పిలవగలరా?

కేంద్రం 1989లో పెట్టిన ఓపెన్ స్కూల్లో పేరిచ్చి, 14 నిండిన పిల్ల ఇంట్లో చదివి పదో తరగతి పరీక్ష రాయొచ్చు. సర్కారు ఒప్పుకున్న చదువుని చుట్టాలు ఒప్పుకోరేం? మగపిల్లాడు పుస్తకం పడితే ఇల్లంతా గప్‌చుప్. ఆడపిల్ల పడితే, "కాస్త పొయ్యిమీద పాలు చూడవే!" (మావారూ తక్కువ తినలేదు. కాఫీకి, లెక్కలు చేసుకుంటున్న చిన్నదాన్నే కేకేస్తారు.)

అందుకే పదినుంచి ఒంటిగంటదాకా మా వీధి తలుపుకి గడియ. అప్పడాలకి నేనొస్తాను పిన్నిగారూ, అమ్మాయి రాదు.