ఈగ వాసన చూస్తే మనకేంటి?

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక అలవాటుంది. ఎవరేం చెప్పినా ముందు "దీనివల్ల ఉపయోగం ఏంటి?" అని అడుగుతాం. క్లయింటు డబ్బుతో పని చేసేటప్పుడు అది అడగాల్సిన ప్రశ్నే, కాదనను. కానీ సైన్సు దగ్గరకొచ్చి కూడా అదే ప్రశ్న మొదట అడగడం నాకు నచ్చదు. ఎందుకు నచ్చదో చెప్పడానికి ఈగల కథ ఒకటి చెప్తాను. కాస్త ఓపిక పట్టండి, మన ఫీల్డు కూడా మధ్యలో వస్తుంది.

ఈగ అంటే ఇంట్లో అన్నం మీద వాలే ఈగ కాదు. అరటిపళ్ళు బాగా మగ్గితే చుట్టూ ముసురుతాయి చూడండి, ఎర్రకళ్ళ బుల్లి ఈగలు... అవి. సైన్సులో పేరు డ్రోసోఫిలా. వాటికి వాసన, రుచి ఎలా తెలుస్తాయో కనుక్కునే పని బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్‌లో (అదే, టీఐఎఫ్ఆర్) జరిగింది. 1962లో హోమీ భాభా పిలిస్తే వచ్చి అక్కడ జీవశాస్త్ర విభాగం పెట్టినాయన ఒబైద్ సిద్దిఖీ. చుట్టూ అందరూ ఫిజిక్సు, లెక్కలు చేసేవాళ్ళే. మొదట బాక్టీరియా మీద పని చేసి, తర్వాత అమెరికాలో సేమూర్ బెంజర్‌తో కలిసి ఈగల మీద పని చేసి వచ్చారాయన. ఆయన దగ్గర పీహెచ్‌డీకి చేరినావిడ వెరోనికా రోడ్రిగ్స్. ఆవిడ కెన్యాలో పుట్టింది, డబ్లిన్‌లో చదివింది, పరిశోధనకి మాత్రం బొంబాయి వచ్చింది. ఆ రోజుల్లో అందరూ వెళ్ళే దారికి పూర్తిగా ఎదురు దారి!

వాళ్ళు చేసిన పని మనకి తేలిగ్గానే అర్థమవుతుంది. సోర్స్ కోడ్ లేని ప్రోగ్రామ్ ఒకటి మీ చేతికిచ్చి, ఎలా పని చేస్తుందో చెప్పమన్నారనుకోండి. ఏం చేస్తారు? ఒక్కో చోట చెడగొట్టి, ఏది ఆగిపోయిందో చూస్తారు. వాళ్ళూ అదే చేశారు. జన్యువుల్లో మార్పులొచ్చిన ఈగలు వేల కొద్దీ పెంచి, అందులో వాసన తెలియని వాటిని వెతికి పట్టుకోవడం. పరికరం అంటే వై ఆకారంలో ఉన్న గాజు గొట్టం. ఒక కొమ్మలో వాసన పెడతారు, రెండోదాంట్లో ఏమీ ఉండదు. ఈగ ఎటు పోతుందో లెక్క పెట్టడమే.

1978లో వాళ్ళిద్దరి పేపరు వచ్చింది. అందులో అసలు సంగతి ఏంటంటే, దొరికిన ఈగల్లో కొన్నిటికి బెంజాల్డిహైడ్ వాసన తెలీదు గానీ వేరే వాసనలు బానే తెలుస్తాయి. మరో రకానికి ఎసిటేట్ల వాసన దగ్గరే చిక్కు. అంటే వాసన మొత్తానికి ఒకే ఫంక్షన్ లేదు, వేరే వేరే మాడ్యూల్స్ ఉన్నాయి, ఒకటి పోయినా ఇంకోటి నడుస్తుంది. 1981లో రుచి గురించి కూడా ఇలాంటిదే చూపించారు. చక్కెరలన్నీ మనకి తీపే గానీ, ఈగకి గ్లూకోజ్ లాంటి ఒక జాతి చక్కెరలకి ఒక గ్రాహకం, ఫ్రక్టోజ్ జాతికి ఇంకోటి. ఒకటి చెడితే రెండోది చెడలేదు. గ్రాహకం జన్యువు ఒక్కటి కూడా ఇంకా ఎవరి చేతికీ దొరకని కాలమది. ఈగ ప్రవర్తన చూసి లోపలి డిజైన్ ఊహించారు!

తర్వాత కథ వేరే చోట్ల నడిచింది. 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ ఎలుకల్లో వాసన జన్యువుల కుటుంబాన్ని పట్టుకున్నారు. 2004లో నోబెల్ వచ్చింది. ఇక ఈగలో కూడా దొరికేస్తాయి అనుకుంటే దొరకలేదు. ఎలుక జన్యువుతో పోల్చి వెతికితే పోలికే లేదు. 1999లో దొరికాయి. అందులో యేల్‌లో జాన్ కార్ల్‌సన్ బృందం చేసింది నాకు మరీ ఇష్టం. అక్షరాల పోలిక వదిలేసి, కణం పొరని ఏడుసార్లు దాటే ఆకారం ఉన్న ప్రోటీన్లు ఎక్కడున్నాయో వెతికే ప్రోగ్రామ్ రాసి, అప్పటికి చదివిన ఈగ జీనోమ్ మీద వదిలారు. మన భాషలో చెప్పాలంటే స్ట్రింగ్ సెర్చ్ మానేసి స్ట్రక్చర్ సెర్చ్ చేశారు. వాసనకి దాదాపు 60 జన్యువులు, రుచికి ఇంకో 60 అని క్రమంగా తేలింది. బొంబాయి ఈగల నుంచే నేరుగా ఇవి దొరికాయని గొప్పలు పోను. కానీ ఒక్కో జన్యువు చెడగొట్టి వాసనని అర్థం చేసుకోవచ్చు అని ముందు నడిచి చూపించిన వాళ్ళలో మనవాళ్ళున్నారు.

సరే, మరి ఉపయోగం? వస్తున్నా.

ఈగ ముక్కులో... అదే, మీసాల్లో ఉన్న వాసన నరకణాలు మెదడులో దాదాపు 50 ఉండల దగ్గర కలుస్తాయి. ఒకే గ్రాహకం ఉన్న కణాలన్నీ ఒకే ఉండకి చేరతాయి. అక్కడి నుంచి సమాచారం దాదాపు 2000 కెన్యాన్ కణాలకి వెళ్తుంది. ఒక్కో కెన్యాన్ కణం ఆ 50లో ఏవో ఓ ఆరింటిని ఇంచుమించు యాదృచ్ఛికంగా పట్టుకుని వింటుంది. చివర్లో గట్టిగా మోగిన 5 శాతం కణాలు తప్ప మిగతావన్నీ నోరు మూసుకుంటాయి. ఆ 5 శాతమే ఆ వాసనకి ట్యాగు.

ఇది ఎక్కడో చూసినట్టుందా? హ్యాషింగ్! 2017లో సంజయ్ దాస్‌గుప్తా, చార్లెస్ స్టీవెన్స్, సాకేత్ నవ్‌లఖా 'సైన్స్' పత్రికలో ఇదే చూపించారు. దగ్గర పోలిక ఉన్న వాటిని వెతకడానికి మనం వాడే లొకాలిటీ సెన్సిటివ్ హ్యాషింగ్ డేటాని కుదిస్తుంది. ఈగ ముందు 50 నుంచి 2000కి పెంచి, తర్వాత కొన్నిటినే ఉంచుతుంది. ఈగ పద్ధతిని కోడ్ చేసి మామూలుగా వాడే డేటాసెట్ల మీద నడిపితే, పాత పద్ధతి కంటే మెరుగ్గా వెతికింది. ఈ రోజు మనం వెక్టర్ డేటాబేస్ అని పొద్దస్తమానం తిప్పుతున్న సమస్య కూడా ఈ కుటుంబానిదే.

దోమల సంగతి కూడా ఉంది. ఈగలో దాదాపు అన్ని వాసన గ్రాహకాలకీ తోడుండే ఓర్కో అనే జన్యువు ఉంది. 2013లో డెంగీ దోమలో అదే జన్యువుని చెడగొడితే, మనుషుల్నే ఏరికోరి వెతుక్కునే గుణం పోయింది. అయితే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తోడైతే దోమలు మళ్ళీ వచ్చాయి. అంత తేలిగ్గా వదల్దు దోమ :)

"చూశారా, చివరికి ఉపయోగపడింది కదా, అందుకని సైన్సు చెయ్యాలి" అని నేను ముగిస్తానని మీరు అనుకుంటుంటే, కాదు. 1978లో ఆ గాజు గొట్టం ముందు కూర్చున్నవాళ్ళని "ఉపయోగం రాసివ్వండి" అని అడిగితే ఏం రాసేవాళ్ళు? "39 ఏళ్ళ తర్వాత ఈగ మెదడు నుంచి సెర్చ్ అల్గారిథం వస్తుంది" అని రాసేవాళ్ళా? ఎవరూ రాయలేరు. రాసినా ఎవరూ నమ్మరు. ఈ ప్రశ్నతో జల్లెడ పడితే ముందు ఆగిపోయేది ఇలాంటి పనే. కింద పడేది మాత్రం అందరికీ ముందే తెలిసిన పని.

ఈ జల్లెడ ఢిల్లీలోనే లేదు, మన ఇళ్ళల్లోనూ ఉంది. మా పిన్ని కూతురు బైపీసీ చదివి ఐసర్‌లో చేరతానంటోంది. "నువ్వు సాఫ్ట్‌వేర్ కదరా, కాస్త బుద్ధి చెప్పు" అని నాకే ఫోను. చెల్లికి చెప్పడానికి నా దగ్గర ఏముంది? జీతం ఆలస్యంగా మొదలవుతుంది, నిజమే. పీహెచ్‌డీ అయ్యేసరికి నా వయసొచ్చేస్తుంది, అదీ నిజమే. డబ్బు ఇబ్బందులున్న ఇంట్లో ఈ లెక్క చూడాల్సిందే, దానికెవర్నీ తప్పు పట్టను. కానీ మా పిన్ని వాళ్ళకి ఆ ఇబ్బంది లేదు. అడ్డమొచ్చేది లెక్క కాదు, "పురుగుల మీద పరిశోధన ఏంటి, నలుగురికి ఏం చెప్పుకుంటాం" అన్న నామోషీ. దానికి సాఫ్ట్‌వేర్ వాణ్ణి సాక్షిగా పిలవడం ఇంకా విడ్డూరం.

సిద్దిఖీ తర్వాత బెంగళూరులో ఎన్‌సీబీఎస్ స్థాపించారు. రోడ్రిగ్స్ 2010లో, ఆయన 2013లో పోయారు. ఎన్‌సీబీఎస్‌లో ఈగల మీద పని ఇప్పటికీ నడుస్తోంది. మనలో సగం మంది ఉద్యోగం చేసేది ఆ ఊళ్ళోనే. వాళ్ళు చేసేది మనకి అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పుకుందాం, అడిగి తెలుసుకుందాం. ఉపయోగం లేదని మాత్రం తేల్చెయ్యొద్దు. ఆ తీర్పు చెప్పే అర్హత మన డిగ్రీతో రాలేదు.