తరలింపు సరే, ప్రదర్శన మాటేమిటి?

ఢిల్లీలోని జాతీయ మ్యూజియం ఒక కళా ప్రదర్శన పుణ్యమా అని పుట్టింది. 1947-48 శీతాకాలంలో లండన్‌లోని రాయల్ అకాడమీ భారతీయ కళాఖండాల ప్రదర్శన నిర్వహించింది. ఇక్కడి మ్యూజియాలు ఎరువిచ్చిన శిల్పాలు, చిత్రాలు తిరిగి వచ్చాక, ఎవరివి వారికి అప్పగించేలోగా స్వదేశీయులకూ చూపాలని ప్రభుత్వం తలపెట్టింది. నేటి రాష్ట్రపతి భవన్‌లో వాటిని కొలువుదీర్చారు. ఆ ప్రదర్శన విజయవంతం కావడంతో 1949 ఆగస్టు 15న అక్కడే మ్యూజియం ప్రారంభమైంది. జనపథ్‌లో సొంత గూడు అమరేసరికి 1960 డిసెంబరు వచ్చింది!

నార్త్, సౌత్ బ్లాకులలో 950 గదులతో యుగయుగీన్ భారత్ మ్యూజియం నెలకొల్పనున్నట్లు కేంద్రం 2023లో ప్రకటించింది. జనపథ్ సేకరణను అక్కడికి చేర్చాలన్నది ఆలోచన. ఘనమైన సంకల్పమే. అయితే అవి ఫైళ్ల కోసం కట్టిన గదులు. రాతికి, వస్త్రానికి, తాళపత్రానికి ఒకే వెలుతురు, ఒకే తేమ సరిపడవు. సేకరణలో వస్తువులు రెండు లక్షల పైచిలుకు. సందర్శకుల కంటబడేది స్వల్ప భాగమే. సాగర్ జలాలలో మునిగిన లోయకు చెందిన నాగార్జునకొండ శిల్పాలు కూడా వాటిలో ఉన్నాయి. సున్నపురాయి సుకుమారం, దెబ్బ తగిలితే అతుకు పడదు.

కనుక తరలించే ప్రతి వస్తువు జాబితాను, దాని ప్రస్తుత స్థితిని ముందే బహిరంగపరచాలి. కొత్త గది సిద్ధమైన తర్వాతే పాత గదికి తాళం వేయాలి. ఈలోగా గిడ్డంగిలో మగ్గే కళాఖండాలలో ప్రయాణానికి తట్టుకోగలవాటిని హైదరాబాద్, పాట్నా, గౌహతి మ్యూజియాలకు ప్రదర్శన నిమిత్తం ఎరువివ్వవచ్చు. 1947-48లో మన కళాఖండాలు సముద్రాలు దాటి వెళ్లి వచ్చినవే కదా.