గృహవిజ్ఞానము: గాలిత్రోవకై రెండు విద్యల పోటీ

గోడకొక చిన్నపెట్టెను తగిలించి, తీగ లేకయే యింటిల్లిపాదికిని ఇంటర్నెట్టు నిచ్చెదమని వర్తకులు నేడు మన వాకిళ్లకు వచ్చుచున్నారు. మన దేశమున అయిదవ తరపు సేవ 2022 అక్టోబరు 1వ తేదీన ప్రారంభమైనది. 2023లో ఎయిర్‌టెల్, జియో సంస్థలు ఆ తరంగముల మూలముననే యిండ్లకు బ్రాడుబ్యాండు నిచ్చుటకు పూనుకొన్నవి. ఈ పెట్టెలు మంచివియా, చెడ్డవియా యని మేమిచట తీర్పు చెప్పబోము. కాని తీగలేని బ్రాడుబ్యాండు పెట్టెలు ప్రపంచమున ఇండ్లకు వచ్చుట యిది మొదటిసారి కాదు. ఇరువదియేండ్లనాడు వైమాక్సు, ఎల్.టి.ఇ. యను రెండు విద్యలు ప్రపంచపు సంతలో తలపడినవి. ఒకటి గెలిచినది, ఒకటి యడగినది. ఓడినదానిని నమ్మి కొన్న గృహములకు ఏమి ప్రాప్తించెనో తెలిసికొనుట నేడు మనకు పనికివచ్చునని తలచి యీ మాసమున ఈ విషయమును గైకొంటిమి.

వైమాక్సు కంప్యూటరువారి పుట్టింట జనించినది. దానిని వ్యాపింపజేయుటకై 2001లో ఒక సంఘమేర్పడెను. తిరుగాడువారికి సైతము పనికివచ్చు దాని ప్రమాణము 2005 డిసెంబరులో ఆమోదము పొందినది. కంప్యూటరు చిప్పులను చేయు ఇంటెల్ సంస్థ దీనికి పెద్దదిక్కు. దక్షిణ కొరియాలో వైబ్రో అను పేర 2006 జూనులో ఈ జాతి సేవ మొదలైనది. అదే సంవత్సరము ఆగస్టులో అమెరికా దేశపు స్ప్రింటు సంస్థ దీనినే వరించితిమని ప్రకటించి, 2008 సెప్టెంబరులో బాల్టిమోరు నగరమున సేవ ప్రారంభించెను.

ఎల్.టి.ఇ. టెలిఫోనువారి యింటిబిడ్డ. దానికై ఆలోచన 2004లో మొదలై, మొదటి రూపము 2008 డిసెంబరునకు గాని స్థిరపడలేదు. టెలియాసోనెరా యను సంస్థ 2009 డిసెంబరు 14వ తేదీన స్టాక్‌హోము, ఓస్లో నగరములలో దానిని జనులకు అందించినది. అనగా వైబ్రో కంటె ఇది మూడేండ్లకు పైగా వెనుకబడి వచ్చినదన్నమాట.

వెనుకవచ్చినది గెలుచుటకు కారణము, అది చేయు పని వేరగుటయా? అదియును గాదు. పెండ్లివారింటికి చెరువునుండి నీరు తేవలెననుకొనుడు. నలుగురు కూడి యొక గంగాళమును మోయుట ఒక పద్ధతి. త్రోవలో నొకని కాలు జారినచో నీరంతయు నేలపాలగును. నూరుగురు స్త్రీలు తలకొక బిందె యెత్తుకొని వచ్చుట వేరొక పద్ధతి. నాలుగు బిందెలు ఒలికినను తక్కినవి యిల్లు చేరును. ఈ రెండు విద్యలును బిందెల పద్ధతినే యవలంబించినవి. పంపవలసిన సమాచారమును ఒకే వెడల్పయిన తరంగముపై నెక్కింపక, అనేకములగు సన్నని తరంగములకు పంచి పంపును. గోడలకును మేడలకును తగిలి కొన్ని చెడినను తక్కినవి చేరును. ఫోనునుండి టవరునకు పోవునపుడు బ్యాటరీ తక్కువగా ఖర్చగునట్లు ఎల్.టి.ఇ. వారు కొంత మార్పు చేసికొనిరి. ఇట్టి భేదములు కొన్ని యున్నను రెండును ఒక్క కుదుటివే.

మరి గెలుపున కాధారమేమి? వినాయక వ్రతకథ మనయిండ్ల నెరుగనివారు లేరు. కుమారస్వామి మయూరము నెక్కి ముందుగా బయలుదేరి సకల తీర్థములకును పరుగెత్తెను. విఘ్నేశ్వరుడు తల్లిదండ్రులకు ప్రదక్షిణము చేసెను. కుమారస్వామి యే నదికేగినను అన్నగారు తనకంటె ముందే స్నానమాడి యెదురు వచ్చుచుండెను. వైమాక్సు భూమి నంతయు క్రొత్తగా చుట్టిరావలసియుండెను. క్రొత్త టవర్లు, క్రొత్త పనిముట్లు, క్రొత్త చందాదారులు, అన్నియు మొదటినుండి సమకూర్చుకొనవలసినదే. ఎల్.టి.ఇ. తన పుట్టింటి చుట్టు తిరిగినది. దాని పూర్వతరమగు జి.ఎస్.ఎం. ఫోనులకు 2008 నాటికే ప్రపంచమున 300 కోట్ల చందాలుండెను. వారికి సేవచేయు సంస్థలు ఉన్న టవర్లపైననే క్రొత్తదానిని నిలుపుకొనగలిగెను. క్రొత్త తరంగము అందనిచోట ఫోను పాతదానికి దిగి పని సాగించుకొనుటకును వీలు కలిగెను. కొనువారు పెక్కురగుటచే చేయువారు పెక్కురైరి. చేయువారు పెక్కురగుటచే వెల తగ్గెను. వెల తగ్గుటచే కొనువారు మరల పెరిగిరి.

ఈ గాలి తిరుగుట కాలము పట్టలేదు. ఇంటెల్ 2010లోనే తన వైమాక్సు కార్యాలయమును మూసివేసెను. రష్యాదేశమున వైమాక్సుతో పేరొందిన యోటా సంస్థ 2012లో మాస్కో నగరమును ఎల్.టి.ఇ.కి మార్చివేసెను. 2015 సంవత్సరాంతమునకు ఎల్.టి.ఇ. చందాలు ప్రపంచమున 100 కోట్లు దాటినవి. వైమాక్సు చందాలు తమ మంచికాలమున సైతము కొన్ని కోట్లకు మించలేదు. కొరియాలో వైబ్రో 2018 సంవత్సరాంతమున ముగిసినది. జపానులో మాత్రము వైమాక్సు పేరు నిలిచినది గాని, 2013లో వచ్చిన దాని రెండవ రూపము ఎల్.టి.ఇ.తో పొసగునట్లు చేసినదే. పేరు పాతది, లోపలి సరకు క్రొత్తది.

మన దేశమునకు వత్తము. 2010 మే, జూను మాసములలో ప్రభుత్వము బ్రాడుబ్యాండు తరంగములను వేలము వేసినపుడు, ఏ విద్యను వాడవలయునన్న నిర్బంధము పెట్టలేదు. ఇన్ఫోటెల్ అను సంస్థ 22 మండలములను 12,848 కోట్ల రూపాయలకు పాడుకొనెను. వెంటనే రిలయన్సువారు 4,800 కోట్ల రూపాయలు పెట్టి దానిలో నూటికి 95 వంతులు తమవిగా జేసికొనిరి. తెలంగాణము కూడ చేరియున్న నాటి ఆంధ్రప్రదేశ్ మండలమున ఇన్ఫోటెల్‌తోపాటు ఎయిర్‌సెల్ సంస్థయు గెలిచినది. ఆ తరంగములపై వైమాక్సును గాని ఎల్.టి.ఇ.లో నొక తెగను గాని నడుపవచ్చును. గెలిచినవారిలో పెద్దలు ఎల్.టి.ఇ.నే యెన్నుకొనిరి. ఎయిర్‌టెల్ 2012 ఏప్రిలులో కలకత్తాలో దానిని మొదలుపెట్టెను. 2016 సెప్టెంబరు 5న జియో బయలుదేరి, 2017 ఫిబ్రవరి నాటికి 10 కోట్ల చందాదారులను చేర్చుకొనెను. నేడు మన బిడ్డల చేతులలోని నాలుగవ తరపు ఫోను ఈ పోటీలో గెలిచిన విద్యయే.

ఓడినదానిని నమ్మినవారి మాట యిక చెప్పెదము. స్ప్రింటు సంస్థ తన వైమాక్సును 2015 నవంబరులో ఆపుటకు ముహూర్తము పెట్టినది. ఆ తరంగముల మూలమున బడులకును, గ్రంథాలయములకును, బీదకుటుంబములకును చవుకగా ఇంటర్నెట్టు నందించుచుండిన ధర్మసంస్థలు, తమవారికి వేరొక త్రోవ యేర్పడక మునుపే దీపమార్పవలదని న్యాయస్థానమున కెక్కినవి. మాసచ్యుసెట్సు రాష్ట్రమందలి న్యాయాధికారి 90 దినములు గడువిప్పించెను. 2016 మార్చితో ఆ సేవ సంపూర్ణముగా నిలిచినది. ఆ పెట్టెలలో యంత్రదోష మేదియు లేదు. నిన్నటివలెనే దీపము వెలుగును. పలుకరించు టవరు మాత్రముండదు. సంస్థలకది లెక్కపుస్తకములో నొక పద్దు. ఆ పెట్టెతో పాఠములు చదువు బిడ్డకు అది బడి మూతబడుటయే.

కావున మన వాకిటికి వచ్చిన వర్తకుని ఈ నాలుగు మాటలు అడుగుట మంచిది. పెట్టె మన సొత్తా, అద్దెదా? అద్దెదైనచో కట్టిన ధరావతు ఎప్పుడు తిరిగివచ్చును? సంస్థ మారినపుడు ఈ పెట్టె రెండవవారితో పనిచేయునా, లేక వారొక్కరికే కట్టుబడినదా? క్రొత్త తరంగమందనిచోట పాతదానికి దిగి పనిచేయునా? సేవను ఆపదలచినచో ఎన్నాళ్లు ముందుగా తెలుపుదురు? సమాధానములను నోటిమాటగా గాక కాగితముపై తీసికొనవలయును. ఇరుగుపొరుగున నెవరును వాడి చూడని సేవకు సంవత్సరపు సొమ్మంతయు ముందే చెల్లింపవలదు. బిడ్డల పాఠములు, గ్యాసు బుకింగు, పెద్దల పింఛను కబురు, ఇవన్నియు ఒక్క పెట్టెపై నాధారపడియున్న యింట మరొక సంస్థ సిమ్ము గల ఫోనొకటి యుండుట క్షేమము.

క్రొత్త విద్యలను కాదనుట మా యభిమతము కాదు. తీగ వేయలేని పల్లెలకు గాలిత్రోవ గొప్ప యుపకారము. కాని ముందువచ్చినదే మేలైనదని గాని, పెద్దపేరు గలదే నిలుచునని గాని నమ్మి సంతకము చేయక, కొనుచున్న వస్తువునకు రేపు దిక్కెవ్వరని గృహిణి అడిగి తెలిసికొనవలెనని మా కోరిక.