అడగందే అమ్మైనా పెట్టదు

ప్రశ్న: మావారికి 36 ఏళ్ళు. తాపీ పని చేస్తారు. రెండు నెలలు దగ్గు తగ్గకపోతే మా మండలంలోని ప్రభుత్వాసుపత్రిలో కళ్ళె పరీక్ష చేసి క్షయ అన్నారు. మందులు మొదలుపెట్టి ఏడు వారాలయింది. దగ్గు తగ్గింది, ఆకలి పుడుతోంది. కాని పనికి పోక మూడు నెలలయింది. నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇరవై వేలు తెచ్చాను. నాలుగేళ్ళ బాబు, తొమ్మిదేళ్ళ పాప, చక్కెర జబ్బు ఉన్న అత్తగారు ఇంట్లో ఉన్నారు. "ఒళ్ళు బాగానే ఉంది, మేస్త్రితో బెంగుళూరు పోయి నాలుగు డబ్బులు తెస్తాను, మిగతా మందులు తిరిగొచ్చాక వేసుకుంటాను" అంటున్నారు. అత్తగారేమో పిల్లల్ని తీసుకుని నన్ను పుట్టింటికి పొమ్మంటున్నారు. నలుగురికీ తెలిసిపోతుందని బాబును అంగన్‌వాడీ మాన్పించాము. మాలాంటి వాళ్ళకు సాయం చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?
— ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒక్క మాట నన్ను భయపెట్టింది. అది క్షయ అనే మాట కాదు. "మిగతా మందులు తిరిగొచ్చాక" అన్న మాట. క్షయ నేడు నయమయ్యే జబ్బు. దాన్ని నయం కాకుండా చేసేది చాలా ఇళ్ళలో చేతిలో డబ్బు లేకపోవడమే. మందులు ఉచితంగా దొరుకుతున్నా, ఇంట్లో బియ్యం నిండుకుంటే మనిషి మందులు వదిలి పనికి పరుగెత్తుతాడు. కనుక మీకు మందు గురించి చెప్పవలసినది కొంతైతే, సాయం గురించి చెప్పవలసినది అంతకన్న ఎక్కువ.

ఇప్పుడే ఎందుకు వెళ్ళకూడదు?

మందులు పడిన కొద్ది వారాల్లో చురుకుగా పెరిగే క్రిములు చాలావరకు చస్తాయి. దగ్గు తగ్గుతుంది, జ్వరం పోతుంది, ఆకలి పుడుతుంది. రోగి "నాకు నయమైంది" అనుకునేది ఇక్కడే. కాని కొన్ని క్రిములు ఊపిరితిత్తుల్లో నిద్రపోతున్నట్టు అణగి ఉంటాయి. వాటిని చంపడానికే ఆరు నెలల చికిత్స. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మళ్ళీ పెరుగుతాయి. మందులు కొన్నాళ్ళు వేసి కొన్నాళ్ళు మానడం జరిగితే, ఆ మందులకు లొంగని క్రిములు తయారు కావచ్చు. అప్పుడు చికిత్స కష్టమవుతుంది, బాధలు ఎక్కువవుతాయి. పైగా ఇంట్లో మరొకరికి అంటితే, అదే మొండి జబ్బు వారికీ వస్తుంది.

మీవారికి ఏడు వారాలయింది కనుక, రెండు నెలలు నిండగానే మళ్ళీ కళ్ళె పరీక్ష చేయవలసి ఉంటుంది. మందులు సరిగా పనిచేస్తున్నాయా లేదా అన్నది అందులో తేలుతుంది. ఆ పరీక్ష ముందు పెట్టుకుని బెంగుళూరు పోవడం, పంట ఇంటికొచ్చే వేళ పొలం వదిలిపోవడం వంటిది.

మూత్రం నారింజరంగులో వస్తే భయపడవద్దు, అది మందు రంగు. కాని వాంతులు ఆగకపోయినా, కళ్ళు పచ్చబడినా, చూపు మసకబారినా, రంగులు తేడాగా కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. సారా, చుట్ట, బీడీ ఉంటే మాన్పించండి. క్షయ మందులు వేసుకునేవారికి సారా కాలేయానికి రెట్టింపు ముప్పు.

పుట్టింటికి పోవాలా?

అక్కర్లేదు. ఒకప్పుడు క్షయ రోగులను మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి శానిటోరియాల్లో నెలల తరబడి ఉంచేవారు. 1956లో మద్రాసులో వైద్యులు ఒక పరిశోధన మొదలుపెట్టారు. కొందరు పేద రోగులను శానిటోరియంలో ఉంచి, మరికొందరిని ఇరుకు ఇళ్ళలో భార్యాబిడ్డల మధ్యనే ఉంచి, ఇద్దరికీ మందులిచ్చారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవారికీ దాదాపు అంతే చక్కగా నయమైంది. ఇంటివాళ్ళకు జబ్బు అంటడం కూడా ఎక్కువ కాలేదు. ఎందుకంటే అంటు ముఖ్యంగా చికిత్స మొదలుకాక ముందు, జబ్బు తెలియని రోజుల్లో జరుగుతుంది. సరైన మందులు క్రమం తప్పకుండా పడితే కొద్ది రోజుల్లోనే అంటు బాగా తగ్గిపోతుంది.

క్షయ గాలి ద్వారా వస్తుంది. కంచం, గ్లాసు, దుప్పటి వేరు చేయవలసిన పనిలేదు. కిటికీలు, తలుపులు తెరిచి ఉంచండి. దగ్గేటప్పుడు నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకోమనండి. కళ్ళె కనబడ్డ చోట ఉమ్మకుండా మూత ఉన్న డబ్బాలో ఉమ్మమనండి. అంతకుమించి వెలివేయడం వల్ల లాభం లేదు. మీరు పుట్టింటికి వెళితే ఆయనకు రోజూ మందు చేతిలో పెట్టేవారు ఎవరు?

అయితే ఒక పని తప్పక చేయండి. మీరు, పిల్లలిద్దరు, అత్తగారు నలుగురూ పరీక్ష చేయించుకోవాలి. జబ్బు లేదని తేలితే, అది రాకుండా ముందుజాగ్రత్త మందు ఇస్తారు. ఐదేళ్ళలోపు బిడ్డకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే చిన్నపిల్లల్లో క్షయ మెదడుకు పాకే ప్రమాదం ఎక్కువ. చక్కెర జబ్బు ఉన్నవారికి క్షయ రావడానికి రెండు మూడు రెట్లు ఎక్కువ అవకాశం ఉంది కనుక అత్తగారి చక్కెర అదుపులో ఉండాలి. ఆ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. మీవారికి కూడా చక్కెర, హెచ్.ఐ.వి. పరీక్షలు చేశారో లేదో అడగండి. క్షయ రోగులందరికీ ఈ రెండూ చేయాలి.

సాయం ఎక్కడెక్కడ ఉంది?

ఇక మీ అసలు ప్రశ్న. సాయం ఉందమ్మా. కాని అది ఒక్కచోట లేదు. కొంచెం ఆసుపత్రిలో, కొంచెం అంగన్‌వాడీలో, కొంచెం రేషను షాపులో, కొంచెం మీ డ్వాక్రా సంఘంలో, కొంచెం కార్మిక శాఖలో ఉంది. ఎవరి దగ్గరున్నది వారిని అడగాలి. వరసగా చెబుతాను.

మొదటిది, పోషణ డబ్బు. క్షయ రోగికి ఆహారం కోసం కేంద్ర ప్రభుత్వం 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేది. 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. ఆరు నెలల చికిత్సకు మొత్తం 6,000. జబ్బు నిర్ధారణై పేరు నమోదైనప్పుడు 3,000, చికిత్స 84 రోజులు పూర్తయ్యాక మరో 3,000 రోగి బ్యాంకు ఖాతాలో వేస్తారు. అంటే మొదటి విడత మీకు ఈపాటికే రావాలి; రెండోది ఇంకో ఐదు వారాల్లో రావాలి. రాలేదంటే ఖాతాకు ఆధార్ జతకాకపోవడమో, వాడక ఖాతా నిద్రపోవడమో, నంబరు తప్పుగా ఎక్కడమో కారణం కావచ్చు. పాస్‌పుస్తకం, ఆధార్ కార్డు, చికిత్స కార్డు తీసుకుని ఆసుపత్రిలో క్షయ విభాగం సూపర్‌వైజరును కలవండి. "మా ని-క్షయ్ నంబరు ఎంత? డబ్బు ఎక్కడ ఆగింది?" అని ఈ రెండు ప్రశ్నలే అడగండి.

రెండవది, ఆహారపు బుట్ట. 2022 సెప్టెంబరు నుంచి దాతలు, సంస్థలు, ఉద్యోగులు "ని-క్షయ్ మిత్ర" పేరుతో క్షయ రోగులకు పప్పులు, నూనె వంటివి ఇస్తున్నారు. రోగి ఒప్పుకుంటేనే పేరు ఇస్తారు. సిగ్గుపడి "మాకొద్దు" అనకుండా ఒప్పుకుంటున్నామని చెప్పండి. అందరికీ వెంటనే దొరకకపోవచ్చు. అందుకే ముందుగా పేరు ఇవ్వాలి.

ఈ తిండి సంగతి చిన్నది కాదు. జార్ఖండ్‌లో 2,800 మంది రోగుల కుటుంబాల్లో జరిపిన పరిశోధన 2023లో వెలువడింది. ఇంటివాళ్ళలో కొందరికి ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఆరు నెలలు ఇచ్చారు. ఇవ్వని వారితో పోలిస్తే వారిలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. కనుక రోగికి గుడ్డు పెట్టి మీరు గంజి తాగకండి. ఇంటిల్లిపాదీ తినాలి. బియ్యంతోపాటు పప్పు, గుడ్డు, వేరుశెనగ, పాలు, ఆకుకూర వీలైనంత పెట్టండి. మీవారి బరువు నెలనెలా తూయించి రాసుకోండి.

మూడవది, అంగన్‌వాడీ. బాబును రేపే మళ్ళీ పంపండి, పరీక్షలో వాడికి జబ్బు లేదంటే ఏ అభ్యంతరమూ లేదు. అక్కడ వాడికి భోజనం, గుడ్డు దొరుకుతాయి. తండ్రి జబ్బు దాచడం కోసం బిడ్డ నోటి దగ్గర గుడ్డు తీసేసినట్టయింది. తండ్రికి ఏ జబ్బో ఆ టీచరుకు చెప్పనవసరం కూడా లేదు. పాపకు బడిలో మధ్యాహ్న భోజనం ఉంది, బడి మాన్పించవద్దు.

నాల్గవది, అప్పు. మూడు రూపాయల వడ్డీ అంటే ఇరవై వేలకు నెలకు 600, ఏడాదికి 7,200. జబ్బుకన్నా ఇది మొండిది. మీరు డ్వాక్రా సంఘంలో ఉంటే పొదుపు మీద సంఘంలోనే తక్కువ వడ్డీకి అప్పు అడగండి. అది వస్తే బయటి అప్పు ముందు తీర్చేయండి. సంఘంలో లేకుంటే గ్రామ సమాఖ్య వారిని కలిసి చేరండి. పుస్తెలు తాకట్టు పెట్టే ఆలోచన అన్నిటికన్నా చివర పెట్టుకోండి.

ఐదవది, తాపీ పనివారికి ఉన్న హక్కు. 1996 నాటి చట్టంతో భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులు ఏర్పడ్డాయి. 18 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉండి, అంతకుముందు ఏడాదిలో 90 రోజులు పని చేసినవారు పేరు నమోదు చేయించుకోవచ్చు. ఏ సాయం ఎంత ఇస్తారన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. సహాయ కార్మిక అధికారి కార్యాలయంలో అడగండి. ఈసారికి అందకపోయినా, రేపు పనిలో పరంజా మీదనుంచి పడినా పనికొచ్చే కార్డు అది.

తప్పనిసరిగా వెళ్ళవలసి వస్తే?

నేను ముప్పై ఏళ్ళుగా ప్రభుత్వాసుపత్రుల్లో చూస్తున్నాను. వలస పోవద్దని చెప్పడం తేలిక, ఆగడం కష్టం. రెండు నెలల పరీక్ష బాగుంటే, డాక్టరు ఒప్పుకుంటే, ముందు ఊళ్ళోనే తేలిక పనులు చూసుకోమనండి. పరంజా ఎక్కడం, సిమెంటు మోయడం ఇప్పుడే వద్దు. అయినా బెంగుళూరు వెళ్ళక తప్పదంటే చెప్పకుండా వెళ్ళవద్దు. ని-క్షయ్ నంబరు దేశమంతటా ఒక్కటే. సూపర్‌వైజరుకు చెబితే చికిత్సను అక్కడి ఆసుపత్రికి బదిలీ చేస్తారు. చికిత్స కార్డు, దారిలో వేసుకోవడానికి సరిపడా మందులు ఇమ్మని అడిగి తీసుకోండి. అక్కడా మందులు ఉచితమే. సందేహం వస్తే 1800-11-6666 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు.

ఎలా అడగాలి?

అన్ని ఆఫీసులూ మీరే తిరగనక్కర్లేదు. మీ వీధి ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను పట్టుకోండి. చాలా తలుపులు వారికి తెలుసు. ఆధార్, రేషను కార్డు, పాస్‌పుస్తకం, చికిత్స కార్డు నకళ్ళు నాలుగేసి తీసి ఒక సంచీలో పెట్టుకోండి. ఎవరిని ఏ తేదీన కలిశారో, వారేమన్నారో ఒక నోటుపుస్తకంలో పాప చేత రాయించండి. "మళ్ళీ రండి" అంటే "ఏ రోజు రమ్మంటారు?" అని అడగండి. రెండుసార్లు తిరిగినా పని కాకపోతే జిల్లా క్షయ నివారణ అధికారికి కాగితం మీద రాసి ఇవ్వండి. అక్కడా కాకపోతే సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. ఇంటి యజమాని జబ్బు పేరు చెప్పి ఖాళీ చేయమంటే ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరు ఉంది. మీవారు దిగులుతో మాటలు మానేసినా, బతుకు మీద విరక్తిగా మాట్లాడినా 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.

ఇది ఎవరి దగ్గరో చేయి చాచడం కాదమ్మా. సబ్బు వంటివి కొన్నప్పుడల్లా మీరు కట్టిన పన్నులోంచి వచ్చిందే ఇదంతా. అడగండి, నిదానంగా, గట్టిగా, మళ్ళీ మళ్ళీ అడగండి. ఈలోగా మీవారికి ఒక్క రోజు మందు కూడా తప్పనివ్వకండి.

ప్రశ్న: నేను ప్రైవేటు డాక్టరు దగ్గర క్షయకు మందులు వాడుతున్నాను. పై డబ్బు ప్రభుత్వాసుపత్రి రోగులకేనా?
— ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: కాదు, మీకూ వస్తుంది. క్షయ రోగి పేరు ప్రభుత్వానికి తెలియజేయడం 2012 నుంచి ప్రైవేటు డాక్టర్లకూ తప్పనిసరి. మీ పేరు నమోదు చేశారా అని డాక్టరుగారిని అడిగి ని-క్షయ్ నంబరు తీసుకోండి. ఖాతా వివరాలు దగ్గరలోని ప్రభుత్వాసుపత్రి క్షయ విభాగంలో ఇవ్వండి. మందుల ఖర్చు భారమైతే మానవద్దు. అదే విభాగంలో ఉచితంగా తీసుకోవచ్చు. చికిత్స మధ్యలో మారేటప్పుడు పాత చీటీలు, పరీక్షల కాగితాలు అన్నీ వెంట తీసుకువెళ్ళండి.