పగటి డ్రిల్లు, రాత్రి మంటలు

కోల్‌కతా ఆమ్రి ఆస్పత్రిలో 2011 డిసెంబరు 9న మంటలు రేగింది తెల్లవారుజామున. భండారా జిల్లా ఆస్పత్రిలో 2021 జనవరిలో పదిమంది పసికందులు బలైంది అర్ధరాత్రి దాటాక. అదే ఏడాది విరార్, భరూచ్ ఆస్పత్రుల్లో మంటలు రేగింది కూడా రాత్రే. ఝాన్సీ వైద్య కళాశాలలో 2024 నవంబరు 15న రాత్రి పదిన్నర ప్రాంతంలో. తిరుపతి రుయాలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది ప్రాణాలు పోయింది సైతం 2021 మే 10 రాత్రి. మరి మాక్ డ్రిల్లు ఎప్పుడు చేస్తారు? ఉదయం పదకొండింటికి, ఆవరణలో, ఫొటోగ్రాఫర్ వచ్చాక. తట్టలో మంట పెడతారు, ఫైర్ సిబ్బంది ఆర్పుతారు, అధికారులు చప్పట్లు కొడతారు. నైట్ డ్యూటీ దిగిన సిస్టర్ అప్పటికి ఇంట్లో నిద్రపోతూ ఉంటుంది.

నిప్పంటుకునే వేళ వార్డులో ఉండేది ఆమే. భారత నర్సింగ్ మండలి లెక్క ప్రకారం బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు, మిగతాచోట్ల ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. అనుమానముంటే ఏ సర్కారు దవాఖానా జనరల్ వార్డుకైనా రాత్రి రెండింటికి వెళ్లి మంచాలు లెక్కపెట్టండి, తర్వాత నర్సులను లెక్కపెట్టండి. రెండో లెక్కకు ఎంతోసేపు పట్టదు. ఆ ఉన్నవారికైనా ఎవరైనా నేర్పారా? వార్డు ఆక్సిజన్ వాల్వు ఎక్కడుంది, ఎవరిని అడిగి కట్టేయాలి? కట్టేస్తే వెంటిలేటర్ మీదున్న మనిషికి అంబూ బ్యాగ్ ఎవరు నొక్కాలి? వెనక గ్రిల్ తాళంచెవి ఎవరి దగ్గరుంది? లేవలేని రోగిని దుప్పటితో సహా ఈడ్చుకెళ్లడం ఎలా? ఇవన్నీ సర్క్యులర్ చదివితే వచ్చే విద్యలు కావు. చీకట్లో, పొగలో చేతులకు అలవాటు కావాలి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఆస్పత్రుల భద్రతపై 2016లో మార్గదర్శకాలిచ్చి ఎన్నేళ్లయిందో పాలకులే లెక్కేసుకోవాలి.

నేర్పడం చేతకాని వ్యవస్థకు రెండే తెలుసు: దండ వేయడం, బేడీలు వేయడం. ఆమ్రిలో ఇద్దరు కేరళ నర్సులు ఎనిమిదిమందిని బయటికి చేర్చి తాము బలయ్యారు, కీర్తించాం. ఝాన్సీలో కట్టుకున్న బట్టలు కాలుతున్నా పసివాళ్లను మోసుకొచ్చిన నర్సునూ పొగిడాం. భండారాలో ఇద్దరు నర్సులపై కేసు పెట్టారు. అహ్మద్‌నగర్ ఆస్పత్రిలో మంటలు రేగాక వైద్యాధికారితోపాటు ముగ్గురు నర్సులను అరెస్టు చేశారు. తప్పుంటే శిక్షించాల్సిందే, కాదనం. కానీ 18 మందికి సరిపడే గదిలో 49 మంది శిశువులను ఉంచారని ఝాన్సీ గురించి వార్తలొచ్చాయే, ఆ పడకల లెక్క ఏ నర్సు వేసింది? ఖాళీ పోస్టులు నింపకుండా, నర్సులను అవుట్‌సోర్సింగ్‌లో ఏడాదికోసారి మార్చేస్తూ వచ్చినవారి జోలికి ఏ పోలీసు వెళ్లాడు?

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులకు ఒక్క మాట. తర్వాతి డ్రిల్లు రాత్రి రెండింటికి, ముందస్తు కబురు లేకుండా, లైట్లార్పి పెట్టించండి. ఆ రాత్రి డ్యూటీలో ఎందరు నర్సులు, ఎందరు రోగులు ఉన్నారో రాసి ఆస్పత్రి గేటుకు అంటించండి.