పీట్ రోజ్ - హాల్ ఆఫ్ ఫేమ్ వివాదం

పీట్ రోజ్ అమెరికాకు చెందిన ప్రముఖ బేస్‌బాల్ క్రీడాకారుడు. 1941, ఏప్రిల్ 14న ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి నగరంలో జన్మించినాడు. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 4,256 హిట్లు సాధించి అత్యధిక హిట్ల రికార్డును తన పేరిట నిలుపుకున్నాడు. అయిననూ ఆ దేశపు బేస్‌బాల్ క్రీడాకారులకు అత్యున్నత గౌరవంగా భావించబడే హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇతనికి స్థానం లభించలేదు. తన సొంత జట్టు ఆడే ఆటలపై పందేలు కాసిన కారణంగా 1989లో శాశ్వత నిషేధానికి గురై, 2024, సెప్టెంబర్ 30న 83 సంవత్సరాల వయస్సులో మరణించేవరకు ఆ నిషేధంలోనే ఉన్నాడు. మరణించినవారికి ఈ నిషేధం వర్తించదని 2025, మే 13న బేస్‌బాల్ కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ ప్రకటించడంతో పాత చర్చ మళ్ళీ మొదలైనది. పైకి ఇది ఒక ఆటగాని గురించిన వాదం వలె కనిపిస్తుంది. కాని అసలు ప్రశ్న వేరు: హాల్ ఆఫ్ ఫేమ్ ఆట చరిత్రను భద్రపరచే మందిరమా, లేక సత్ప్రవర్తనకు ఇచ్చే యోగ్యతాపత్రమా అన్నది 1936 నుంచి నేటివరకు స్పష్టంగా తేలలేదు.

ఎన్నిక విధానం

హాల్ ఆఫ్ ఫేమ్ న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ అనే చిన్న పట్టణంలో ఉన్నది. తొలి ఎన్నిక 1936లో జరుగగా, మ్యూజియం 1939లో ప్రారంభమైనది. తొలి ఎన్నికలో టై కాబ్, బేబ్ రూత్, హోనస్ వాగ్నర్, క్రిస్టీ మాథ్యూసన్, వాల్టర్ జాన్సన్ ఎంపికైనారు. ఇది మేజర్ లీగ్‌కు చెందిన విభాగం కాదు, లాభాపేక్ష లేని ప్రత్యేక సంస్థ. ఈ తేడా తరువాతి కథకు ముఖ్యమైనది.

ఆటగాడు విరమించిన ఐదేళ్ళ తరువాత బేస్‌బాల్ పత్రికా రచయితల సంఘంలో కనీసం 10 సంవత్సరాల సభ్యత్వం ఉన్నవారు ఓటు వేస్తారు. 75% ఓట్లు వస్తే ఎన్నికైనట్లే. రానిచో 10 సంవత్సరాలవరకు పేరు జాబితాలో ఉండవచ్చు (2014కు పూర్వం ఈ గడువు 15 సంవత్సరాలు). ఆ తరువాత 16 మంది సభ్యుల కమిటీల ద్వారా మరో అవకాశం ఉన్నది. ఓటరు పరిశీలించవలసిన అంశాలలో ఆటగాని రికార్డు, నైపుణ్యంతో పాటు నిజాయితీ, క్రీడాస్ఫూర్తి, శీలం కూడా ఉన్నాయి. 1940వ దశకంలో చేరిన ఈ మూడు మాటలే నేటి వివాదాలన్నింటికీ మూలం.

క్రీడా జీవితం

రోజ్ 1963లో సిన్సినాటి రెడ్స్ జట్టు తరఫున ప్రవేశించి ఆ సంవత్సరమే నేషనల్ లీగ్ ఉత్తమ నూతన ఆటగాడిగా ఎంపికైనాడు. 1973లో అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం పొందినాడు. రెడ్స్ జట్టుతో 1975, 1976లలో, ఫిలడెల్ఫియా ఫిల్లీస్ జట్టుతో 1980లో ప్రపంచ సిరీస్ గెలిచినాడు. 1978లో వరుసగా 44 ఆటలలో హిట్ సాధించినాడు. పిచర్ నాలుగు బంతులు గురి తప్పి వేసినప్పుడు బ్యాటర్‌కు మొదటి బేస్ ఉచితంగా లభిస్తుంది. మిగిలిన ఆటగాళ్ళు అక్కడికి నడిచి వెళ్ళగా రోజ్ మాత్రం పరుగెత్తి వెళ్ళేవాడు. అందుకే ఇతనికి 'చార్లీ హసిల్' అనే మారుపేరు స్థిరపడినది.

బ్యాటర్ బంతిని కొట్టి, ప్రత్యర్థి ఫీల్డర్ల పొరపాటు వల్ల కాక తన దెబ్బ వల్లనే కనీసం మొదటి బేస్ చేరితే దానిని హిట్ అంటారు. 1985, సెప్టెంబర్ 11న సిన్సినాటిలో శాన్ డియేగో పాడ్రెస్ జట్టుపై రోజ్ 4,192వ హిట్ సాధించి, అప్పటివరకు టై కాబ్ పేరిట ఉన్న 4,191 హిట్ల రికార్డును అధిగమించినాడు. కాబ్ లెక్కలో 1910 నాటి ఒక ఆట రెండుసార్లు నమోదైనదని, నిజానికి అతని హిట్లు 4,189 మాత్రమేనని పరిశోధకులు తేల్చినారు. ఆ లెక్కన రికార్డు అంతకు కొద్దిరోజుల ముందే, సంబరాలు లేకుండా దాటిపోయినది!

ఈ రికార్డు గొప్పదనంపై కూడా వాదం ఉన్నది. రోజ్ 3,562 ఆటలు ఆడి 14,053 సార్లు అధికారికంగా బ్యాటింగ్ చేసినాడు. ఈ రెండూ కూడా రికార్డులే. కాబ్ కంటే 2,600కు పైగా అదనపు అవకాశాలు తీసుకొని ఇతడు అతనిని దాటినాడు. కాబ్ సగటు 0.366 కాగా రోజ్ సగటు 0.303. జపాన్‌కు చెందిన ఇచిరో సుజుకి స్వదేశపు లీగ్‌లో 1,278, అమెరికాలో 3,089 కలిపి 4,367 హిట్లు సాధించినాడు. కాని జపాన్ హిట్లను మేజర్ లీగ్ లెక్కించదు. ఏది ఏమైననూ 24 సీజన్లపాటు ఆ స్థాయిలో నిలిచి ఉండటమే ఒక ప్రతిభ. కేవలం ఆటను బట్టి చూస్తే రోజ్ అర్హతను ప్రశ్నించేవారు దాదాపుగా లేరు.

పందేలు, నిషేధం

1984లో రోజ్ రెడ్స్ జట్టుకు ఆటగాడు-మేనేజర్‌గా వచ్చినాడు. 1986లో ఆట విరమించినా 1989 వరకు మేనేజర్‌గా కొనసాగినాడు. బేస్‌బాల్‌లో మేనేజర్ అనగా ప్రయాణ ఏర్పాట్లు చూసే అధికారి కాదు. క్రికెట్‌లో కోచ్‌కు, కెప్టెన్‌కు ఉండే అధికారాలు రెండూ అతనివే. ఎవరు ఆడాలో, పిచర్‌ను ఎప్పుడు మార్చాలో అతడే నిర్ణయిస్తాడు.

1989లో కమిషనర్ కార్యాలయం తరఫున న్యాయవాది జాన్ డౌడ్ విచారణ జరిపి 225 పేజీల నివేదిక సమర్పించినాడు. 1987లో రోజ్ తన జట్టు ఆడిన 52 ఆటలపై పందెం కాసినట్లు అందులో ఉన్నది. రోజ్ దానిని ఖండించినాడు. చివరకు ఆగష్టు 1989లో కమిషనర్ బార్ట్ జియామట్టితో ఒక ఒప్పందంపై సంతకం చేసి శాశ్వత అనర్హుల జాబితాలో చేరడానికి అంగీకరించినాడు. బేస్‌బాల్‌పై పందెం కాసినట్లు ఒప్పందంలో అధికారిక నిర్ధారణ ఏదీ లేదు. ఏడాది తరువాత పునఃప్రవేశానికి దరఖాస్తు చేసుకొనే వీలు కూడా ఉన్నది. ఒప్పందం ప్రకటించిన ఎనిమిది రోజులకే, సెప్టెంబర్ 1న, జియామట్టి గుండెపోటుతో మరణించినాడు. 1990లో ఆదాయపు పన్ను లెక్కలు తప్పుగా చూపిన కేసులో రోజ్ ఐదు నెలల జైలుశిక్ష అనుభవించినాడు.

దాదాపు 15 సంవత్సరాలు బుకాయించిన తరువాత, 2004లో తన ఆత్మకథలో రోజ్ మేనేజర్‌గా పందేలు కాసినట్లు ఒప్పుకున్నాడు. ఆటగాడిగా ఉన్నప్పుడు మాత్రం కాయలేదన్నాడు. 2015లో బయటపడిన ఒక నోటు పుస్తకం అది కూడా నిజం కాదని చూపినది. 1986లో ఆడుతూనే పందేలు కాసిన వివరాలు అందులో ఉన్నాయి. ఆ సంవత్సరం డిసెంబరులో మాన్‌ఫ్రెడ్ పునఃప్రవేశ దరఖాస్తును తిరస్కరించినాడు. అంతకు ముందు 1997 నాటి దరఖాస్తుపై కమిషనర్ బడ్ సెలిగ్ ఔనని గాని కాదని గాని చెప్పకుండానే 2015లో పదవి నుంచి తప్పుకున్నాడు.

గెలుపుపై కాసిన పందెం తప్పా?

రోజ్ అభిమానుల ప్రధాన వాదన ఇది: అతడు తన జట్టు ఓడుతుందని ఎన్నడూ పందెం కాయలేదు. డౌడ్ నివేదికలోనూ అటువంటి ఆధారం లేదు. 2000లో క్రికెట్‌ను కుదిపిన మ్యాచ్ ఫిక్సింగ్ ఉదంతం తెలిసిన పాఠకులకు ఈ తేడా సులభంగా అర్థమవుతుంది. రోజ్ ఆటను అమ్ముకోలేదు.

అయితే ఈ వాదన కనిపించినంత బలమైనది కాదు. సీజన్‌లో 162 ఆటలు ఉంటాయి. ఈ రోజు ఆటపై వేల డాలర్లు కాసిన మేనేజర్, రేపటి కోసం విశ్రాంతి ఇవ్వవలసిన పిచర్‌ను ఈ రోజే దింపవచ్చు. పందెం కాయని రోజున, మేనేజర్‌కే నమ్మకం లేదన్న సంకేతం బుకీలకు చేరుతుంది. బాకీ పెరిగితే అతని నిర్ణయాలు బుకీ చేతిలోకి పోతాయి. అందుకే బేస్‌బాల్ 21వ నియమం గెలుపు, ఓటమి అనే భేదం చూపదు. ఇతర ఆటలపై పందెం కాస్తే ఏడాది, తాను పాల్గొనే ఆటపై కాస్తే శాశ్వత నిషేధం. ఈ నియమం ప్రతి జట్టు గదిలోనూ గోడకు అతికించి ఉంటుంది. రోజ్ దానిని 20 సంవత్సరాలకు పైగా చూసినాడు.

నిషేధం సరైనదే. దానికీ హాల్ ఆఫ్ ఫేమ్‌కూ ముడిపెట్టడం సరైనదా అన్నదే మిగిలిన ప్రశ్న.

1991 నియమం

రోజ్ ఒప్పందంపై సంతకం చేసిన నాటికి అనర్హుల జాబితాలో ఉన్నవారికి ఓటు వేయరాదనే నియమం హాల్ ఆఫ్ ఫేమ్‌లో లేదు. 1936 ఎన్నికలో, అప్పటికి 15 సంవత్సరాలుగా నిషేధంలో ఉన్న జో జాక్సన్‌కు రెండు ఓట్లు కూడా వచ్చినాయి. రోజ్ పేరు 1992 ఎన్నికకు రావలసి ఉండగా, 1991 ఫిబ్రవరిలో హాల్ ఆఫ్ ఫేమ్ పాలకమండలి కొత్త నియమం చేసి ఆ దారి మూసినది. రచయితలు ఓటు వేసి తిరస్కరించి ఉంటే అది తీర్పు అయ్యేది. ఓటే లేకుండా చేయడం వల్ల వివాదం మూడు దశాబ్దాలు సజీవంగా ఉన్నది.

ఆ నియమం ఒక వైపే పనిచేస్తుందన్న సంగతి 2021లో బయటపడినది. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో, 2011లోనే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన రాబర్టో అలోమార్‌ను లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణపై విచారణ తరువాత మేజర్ లీగ్ అనర్హుల జాబితాలో చేర్చినది. కాని అతని ఫలకం కూపర్స్‌టౌన్ గోడపైనే ఉన్నది. ఆ జాబితా లోనికి వచ్చేవారిని ఆపుతుంది గాని లోపల ఉన్నవారిని పంపదు.

జో జాక్సన్

1919 ప్రపంచ సిరీస్‌లో చికాగో వైట్ సాక్స్ ఆటగాళ్ళు జూదగాళ్ళ నుంచి డబ్బు తీసుకొని ఓడిపోయిన ఉదంతం 'బ్లాక్ సాక్స్' పేరుతో ప్రసిద్ధి చెందినది. గెలిచిన జట్టు సిన్సినాటి రెడ్స్ కావడం కాకతాళీయం. నిషేధానికి గురైన ఎనిమిది మందిలో దక్షిణ కరోలినా మిల్లు కార్మికుడిగా పెరిగిన, చదువురాని జో జాక్సన్ ఒకడు. ఆ సిరీస్‌లో అతని సగటు 0.375, హిట్లు 12, ఫీల్డింగ్ పొరపాట్లు లేవు. కాని 5,000 డాలర్లు తీసుకున్నట్లు గ్రాండ్ జ్యూరీ ముందు ఒప్పుకున్నాడు. 1921 ఆగష్టులో న్యాయస్థానం నిర్దోషులుగా విడిచిపెట్టిన మరునాడే కమిషనర్ కెన్సా మౌంటెన్ లాండిస్ అందరినీ బహిష్కరించినాడు. రోజ్, జాక్సన్ పేర్లను జంటగా చెప్పడం అలవాటైనది కాని ఇద్దరి తప్పూ ఒకటి కాదు. ఒకరు గెలుపుపై పందెం కాసినారు, మరొకరు ఓటమికై ఇచ్చిన డబ్బు తీసుకున్నారు.

శీలం అనే కొలబద్ద

హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నవారందరూ ఈ కొలబద్దకు నిలుస్తారా? నల్లజాతి ఆటగాళ్ళతో ఆడనని నిరాకరించిన క్యాప్ ఆన్సన్ 1939లో చేరినాడు. లాండిస్ 1944 వరకు కమిషనర్‌గా ఉన్న కాలమంతటా మేజర్ లీగ్‌లో ఒక్క నల్లజాతి ఆటగాడికీ చోటు లేదు. అతడు కూడా 1944లో ఎన్నికైనాడు. బంతికి ఉమ్ము, జిడ్డు పూసి వేసినట్లు తానే పుస్తకం వ్రాసుకున్న గేలార్డ్ పెర్రీ 1991లో, అంటే రోజ్‌కు తలుపు మూసిన సంవత్సరమే, చేరినాడు.

ఉత్ప్రేరకాల విషయంలో గందరగోళం మరింత ఎక్కువ. అత్యధికంగా 762 హోమ్ రన్లు కొట్టిన బారీ బాండ్స్, ఏడుసార్లు ఉత్తమ పిచర్ పురస్కారం పొందిన రోజర్ క్లెమెన్స్ 2022లో తమ పదవ, చివరి ప్రయత్నంలో 66%, 65% ఓట్ల వద్ద ఆగిపోయినారు. ఉత్ప్రేరకాలు విచ్చలవిడిగా సాగిన కాలంలో కమిషనర్‌గా ఉన్న సెలిగ్ మాత్రం 2017లోనే లోనికి వచ్చినాడు. 2025 డిసెంబరులో 16 మంది కమిటీ జెఫ్ కెంట్‌ను ఎన్నుకోగా, బాండ్స్, క్లెమెన్స్‌లకు ఐదు ఓట్లు కూడా రాలేదు. కొత్త నియమం ప్రకారం వారి పేర్లు 2031కి ముందు మళ్ళీ రావు.

రోజ్‌పై పందేలకు మించిన ఆరోపణ కూడా ఉన్నది. 1970వ దశకంలో 16 సంవత్సరాలు నిండని బాలికతో లైంగిక సంబంధం పెట్టుకున్నాడని 2017లో ఒక న్యాయస్థానానికి సమర్పించిన పత్రాలలో ఉన్నది. సంబంధం నిజమేనని, ఆమెకు అప్పటికి 16 నిండినవని తాను అనుకున్నానని రోజ్ చెప్పినాడు. ఫిలడెల్ఫియా జట్టు అతనికి చేయదలచిన సన్మానాన్ని రద్దు చేసినది. రోజ్ చేరికను సమర్థించే చాలామంది ఈ విషయాన్ని దాటవేస్తారు. శీలం అనే మాట నియమాలలో ఉన్నంతకాలం ఓటరు దానిని దాటవేయలేడు.

2025 నిర్ణయం

2025 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ రోజ్‌కు క్షమాభిక్ష ఇస్తానని ప్రకటించినాడు. తరువాత మాన్‌ఫ్రెడ్ ఆయనను కలిసినాడు. మే 13 నాటి నిర్ణయంతో రోజ్, జాక్సన్ సహా మరణించిన 17 మంది పేర్లు జాబితా నుంచి తొలగినాయి. మరణించిన వ్యక్తి ఆటకు హాని చేయలేడన్నది కమిషనర్ చూపిన ప్రధాన కారణం. తప్పు జరగలేదని గాని, శిక్ష ఎక్కువైనదని గాని ఇందులో చెప్పలేదు.

ఈ నిర్ణయం వచ్చిన కాలం కూడా గమనించదగినది. 2018లో సుప్రీంకోర్టు తీర్పుతో క్రీడా పందేలకు రాష్ట్రాలు అనుమతి ఇవ్వసాగినాయి. మేజర్ లీగ్ స్వయంగా పందేల సంస్థలతో ఒప్పందాలు చేసుకున్నది. మరోవైపు సొంత జట్టుపై పందెం కాసిన తుకుపిటా మార్కానోకు 2024 జూన్‌లో శాశ్వత నిషేధం విధించినది. 2025 నవంబరులో క్లీవ్‌లాండ్ జట్టు పిచర్లు ఇద్దరు పందెగాళ్ళ కోసం కొన్ని బంతులు కావాలని గురి తప్పించినారని ఫెడరల్ అభియోగం నమోదైనది. వారు తాము నిర్దోషులమని చెప్పినారు.

1980కి పూర్వపు క్రీడాకారులను పరిశీలించే కమిటీ 2027 డిసెంబరులో సమావేశమవుతుంది. ముందుగా వేరొక కమిటీ ఎనిమిది పేర్ల జాబితా తయారుచేయాలి. అందులో రోజ్ పేరు ఉండి, 16 మందిలో 12 మంది ఓటు వేస్తే 2028 వేసవిలో ఫలకం వెలుస్తుంది. మ్యూజియంలో రోజ్ వాడిన వస్తువులు ముందు నుంచీ ప్రదర్శనలో ఉన్నాయి. ప్రతి సంవత్సరం కొత్తవారిని చేర్చుకొనే ఉత్సవాల రోజులలో రోజ్ అదే పట్టణపు ప్రధాన వీధిలోని దుకాణంలో కూర్చొని అభిమానులకు డబ్బు తీసుకొని సంతకాలు చేసి ఇచ్చేవాడు.