ధరల నగరము: దుబాయి



దుబాయి పేరు వినని గృహము మన తెలుగునాట నేడరుదు. జగిత్యాల, కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములలో నెన్నియో కుటుంబములకు గల్ఫు దేశములనుండి వచ్చు సొమ్మే జీవనాధారము. అయినను, ఆ సొమ్ము పుట్టుచోటు ఎట్టిదో యింటనుండు స్త్రీలలో కన్నులార చూచినవారు కొందరే. ఇటీవల కొలది దినము లచ్చట నుండు నవకాశము నాకు గలిగినది. కావున మొదటిచూపునకు నాకు తోచిన విషయములను ఈ మాసమున మీతో ముచ్చటించుచున్నాను.

మొట్టమొదట నచ్చెరువు గొలుపునది మేడల యెత్తు. 2010వ సంవత్సరము జనవరిలో ప్రారంభమైన బుర్జు ఖలీఫా యెత్తు 828 మీటర్లు. దాని ప్రక్కనే యున్న దుబాయి మాలులో వేయికి పైగా దుకాణములు గలవు. వెలుపల మండుటెండ కాయుచుండగా లోపల పిల్లలు మంచుగడ్డపై జారుచు నాడుకొనుచుందురు. మేడ యెక్కి నగరమును జూచుటకు టిక్కెట్టు, మంచుపై నాడుటకు టిక్కెట్టు! అచ్చట వినోదమునకెల్ల వెల గలదు.

మెచ్చదగిన దొకటి చెప్పవలెను. 2009లో నారంభమైన మెట్రో రైలును నడుపువాడు లేకయే యంత్రము నడిపించును. అందు స్త్రీలకును పిల్లలకును ప్రత్యేకమగు పెట్టె గలదు. నేనొంటరిగ ప్రయాణము చేసినను జంకు కలుగలేదు.

ఇంత వైభవమును నిన్నమొన్నటిదే. నగరమధ్యమున నొక ఉప్పుటేరు గలదు. దానికి ఒక దరిని దేరా, వేరొక దరిని బర్ దుబాయి. చిన్న పడవలు జనులను దాటించుచుండును. పూర్వము ఈ యూరు ముత్యముల వర్తకముచే బ్రదికెడిది. 1930 తరువాత జపానువారు పెంచిన ముత్యములును, లోకమంతట వ్యాపించిన ఆర్థికమాంద్యమును ఆ వర్తకమును కూల్చివేసెను. దుబాయిలో చమురు కనుగొనబడినది 1966లో. ఆ యేటివరకు నచ్చట చెల్లినది మన రూపాయియే! 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫు ప్రాంతమునకై వేరుగ నోట్లను సైతము వెలువరించెను. నాడు మన రూపాయి యచ్చటికి పోయెను. నేడు మన బిడ్డలు దిర్హములకై యచ్చటికి పోవుచున్నారు.

దేరాలోని బంగారు బజారు చూచిన స్త్రీ కన్ను త్రిప్పుకొనుట కష్టము. అద్దముల వెనుక నగలు తోరణములవలె వ్రేలాడుచుండును. బంగారమునకు ఆనాటి ధర ప్రకారము తూకము కట్టుదురు. మజూరి మాత్రము బేరమాడవచ్చును. అచ్చట నుండగా జగిత్యాల వైపు యువకు డొకడు నాతో మాట కలిపెను. కట్టడపు పనివాడు. "అమ్మా, మేం పంపే ఫోటోలల్ల మేడలే కానొస్తయి; మా అర్ర కానరాదు" అనెను. ఏజెంటునకు కట్టిన అప్పు తీరుటకే అతనికి రెండేండ్లు పట్టెనట! జూను నడుమనుండి సెప్టెంబరు నడుమవరకు మధ్యాహ్నము పన్నెండున్నర మొదలు మూడు గంటలదాక ఆరుబయట ఎండలో పని చేయించరాదని యచ్చట చట్టము గలదు. చట్టమే విశ్రాంతి నీయవలసిన యెండ యెట్టిదో మీరే యూహింపుడు.

అద్దములలోని వస్తువుల ధర చీటిమీద కనబడును. ఆ ధర చెల్లించుటకు మనవారు పడు పాటు ఏ చీటిమీదను వ్రాసియుండదు. కావున భర్తనో కుమారునో పంపదలచిన గృహిణి ముందుగ కొన్ని ప్రశ్నలు వేయవలెను. ఆ ఏజెంటు 1983 నాటి వలస చట్టము ననుసరించి రిజిస్టరైనవాడా? ఇచ్చునది పని వీసాయా, లేక చూచి వచ్చువారి వీసాయా? రెండవదానితో పనికి కుదురుట యచ్చట నేరము. జీతము, పనిగంటలు వ్రాసిన ఒప్పందపు ప్రతి యొకటి యింట నున్నదా? తెచ్చు అప్పునకు వడ్డీ యెంత?

సొమ్ము లెక్కలు స్త్రీల కేలయని కొంద రనవచ్చును. అప్పులవాడు వచ్చి నిలుచునది ఆమె గుమ్మమునందే గదా! ఇక వెళ్లినవారు ఫోనులో మాటాడునపుడు, నగలమాట తరువాత చూచుకొందము. తినుచున్నదేమి, పండుకొనుచున్నదెక్కడ యని ముందుగ నడుగుడు.